ఓడకు అందని కబురు

అండమాన్ వెళ్ళాలని మేమెప్పుడూ అనుకోలేదు. సిద్దిపేటలో మాది స్టీలు సామాన్ల దుకాణం. మా ఆయన రాజేశం, మరిది మల్లేశం కలిసి నడుపుతారు. నేను తొగుట బడిలో తెలుగు చెబుతాను. మిక్సీలు ఎక్కువగా అమ్మినందుకు ఒక కంపెనీ మల్లేశానికి ఇద్దరు వెళ్ళేలా అండమాన్ యాత్ర బహుమతిగా ఇచ్చింది. తీరా అది పెళ్ళిళ్ళ సీజన్‌లో పడింది. అన్నదమ్ములు దుకాణం వదిలి కదలలేరు. అందుకని మల్లేశం తన భార్య సుజాతను నాతో పంపుతానన్నాడు.

"వదినె, సుజాత సముద్రం సూడలే. నువ్వు తోడుంటె నాకు రంది లేదు. పోయిరాండ్రి, దుకాణం మేం జూస్కుంటం," అన్నాడు.

సుజాత నా యారాలు. నలభై ఏళ్ళు దాటినా విమానం ఎక్కింది లేదు. సిద్దిపేట నుంచి హైదరాబాదుకు అర్ధరాత్రి బస్సులో వెళ్ళి, శంషాబాద్‌లో విమానం ఎక్కి, చెన్నైలో మారి మధ్యాహ్నానికి పోర్ట్ బ్లెయిర్ చేరాం. మాతో పాటు బహుమతి గెలిచిన డీలర్లు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళలో హనుమకొండ దంపతులు మాకు బాగా దగ్గరయ్యారు. మొదటి రెండు రోజులు జైలు, దీవులు, అడుగున గాజున్న పడవ, అన్నీ చూశాం. సుజాత రోజూ మల్లేశానికి వీడియో కాల్ చేసి నీళ్ళు చూపించేది. "నీ మొఖం చూపియ్యి, నీళ్ళు నేను ఎప్పుడో చూసిన," అనేవాడు అతను.

సోమవారం మధ్యాహ్నం హోటల్లో అన్నం తింటుండగా ఫోన్ వచ్చింది. చేసింది సుజాత కూతురు శ్రావ్య. ఇంటి దగ్గరే ఉండి డిగ్రీ చదువుతోంది. ఏడుస్తూ ఏమీ చెప్పలేకపోయింది. అవతల మా ఆయన ఫోన్ తీసుకున్నాడు.

"తమ్మునికి బాగలేదు. గల్లా కాడ కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. మెదడుల నరం చిట్లిందంటున్నరు. హైదరాబాద్ దవాఖానకు తీసుకపోతున్నం. మీరు జల్ది రాండ్రి."

సుజాత ఎంగిలి చేత్తోనే లేచింది. మా తిరుగు విమానం బుధవారానికి ఉంది. దాన్ని ముందుకు జరిపించుకుందామని ఆటోలో విమానాశ్రయానికి వెళ్ళాం. అక్కడికి వెళ్ళాకే తెలిసింది, ఆ ఉదయం నుంచి మా విమాన సంస్థ పైలట్లు సమ్మెలో ఉన్నారని. లోపలికి పోనివ్వడం లేదు. బయట జనం సూట్‌కేసుల మీద కూర్చుని ఉన్నారు. మిగతా సంస్థల విమానాల్లో వారం దాకా సీటు లేదన్నారు. కౌంటర్లోని అమ్మాయి ఎవరేమడిగినా ఒకటే మాట చెబుతోంది: చర్చలు జరుగుతున్నాయి, సాయంత్రం చెబుతాం.

ఒకాయన పైలట్లను హిందీలో బూతులు తిడుతున్నాడు. వాళ్ళకు నిద్రపోయే గంటలు కూడా ఇవ్వడం లేదట, అందుకే సమ్మె అని పక్కనున్న ఆవిడ సర్దిచెప్పబోయింది. నేను అదే సుజాతకు చెప్పాను.

"నిద్ర లేకుంట నడిపియ్యుమంటె వాళ్ళు మాత్రం ఎట్ల నడుపుతరు అక్కా. వాళ్ళ బాధ వాళ్ళకుంటది," అంది. తలుపు వైపు చూస్తూ, "కని నేను ఇయ్యాల పోవాలె," అంది.

సాయంత్రమైంది. చర్చలు తెగలేదు. మల్లేశానికి వెంటిలేటర్ పెట్టారని కబురొచ్చింది. హోటలుకు వెళ్దామంటే సుజాత కదలలేదు. మళ్ళీ మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చిన ఆటో డ్రైవరు శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాడు. తెలుగు విని సంగతి అడిగాడు.

"సమ్మె ఎప్పుడాగుతాదో ఎవుడికి తెలుసమ్మా. రేపు సెన్నై ఓడ ఉంది. మూడ్రోజులు పడతాది గానీ, ఎల్లడం మాత్రం ఎల్తాది," అన్నాడు.

ఆ రాత్రంతా హోటల్లో మాకు అదే ఆలోచన. ఆగితే రేపే విమానం ఎగరవచ్చు, వారం దాకా ఎగరకనూ పోవచ్చు. ఓడ ఎక్కితే మూడు రోజులు ఖాయం. పొద్దున మళ్ళీ విమానాశ్రయానికి వెళ్ళాం. కౌంటర్లోని అమ్మాయి మారింది గాని మాట మారలేదు. హనుమకొండ దంపతులు ఉందామనే నిర్ణయించుకున్నారు. నేను సుజాత ముఖం చూశాను.

"ఓడనే ఎక్కుదాం అక్కా. ఈడ కూసుంటె నాకు పానం ఆడుతలేదు. జర జర అయినా ఆయన దిక్కు పోతుంటం గద," అంది.

మా ఆయన పంపిన దవాఖాన కాగితం ఫోన్‌లో చూపిస్తే ఓడ టికెట్ల ఆఫీసులో అత్యవసర కోటా కింద రెండు బంకులు ఇచ్చారు. విమానంతో పోలిస్తే టికెట్టు చాలా చవక. వెళ్ళదలచినవాళ్ళు గుర్తింపు కార్డు, దుప్పటి, తాగే నీళ్ళు దగ్గర పెట్టుకోవాలి. బంకు క్లాసంటే ఓడ కడుపులో ఒక పెద్ద హాలు. ఇనుప మంచాలు రెండంతస్తులుగా వరుసగా ఉంటాయి. డీజిలు వాసన, బొద్దింకలు, పసిపిల్లల ఏడుపు. మంగళవారం మధ్యాహ్నం హడ్డో రేవు నుంచి ఓడ కదిలింది. సుజాత పైన కమ్మీలు పట్టుకుని నిలబడి, సిగ్నల్ ఉన్నంతసేపూ ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది. అవతల శ్రావ్య.

"బాపు చెవుల చెప్పు బిడ్డా, అమ్మ బైలెల్లిందని చెప్పు. ఇంటడు. డాక్టర్లు ఇనరంటరు గని ఇంటడు."

శ్రావ్య సరే అందో లేదో తెలియదు. మాట తెగిపోయింది. ఆ తరువాత సుజాత ఎన్నిసార్లు నొక్కినా ఫోన్ మోగలేదు.

ఓడలో ఫోన్ పనిచేయదని అందరూ చెప్పారు. అయినా మనసాగక ఓడ అధికారి గదికి వెళ్ళి నాకొచ్చిన హిందీలో బతిమాలాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఇక్కణ్ణుంచి చేయడం కుదరదు, ఒడ్డున మా ఆఫీసుకు మీవాళ్ళు కబురు చేస్తే అది మాకు చేరుతుంది, చేరితే మైకులో పిలుస్తాం అన్నాడు. వచ్చి అదే సుజాతకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అప్పటినుంచి మైకు గరగరమన్నప్పుడల్లా ఆమె లేచి కూర్చునేది. భోజనాలు సిద్ధమనో, డాక్టరు గది తెరిచారనో, ఎవరి పిల్లాడో తప్పిపోయాడనో చెప్పేవారు. అయ్యేదాకా నా చెయ్యి గట్టిగా పట్టుకుని, తరువాత వదిలేసేది.

బుధవారం ఓడ ఊగడం మొదలైంది. సగం హాలు వాంతులు. క్యాంటీన్‌లో అన్నం, నీళ్ళ పప్పు, గుడ్డు కూర ఇస్తున్నారు. సుజాత పెరుగు కలిపిన ముద్దలు రెండు తిని చాలంది. మా ఎదురు బంకులో రత్నకుమారి గారని రిటైరైన నర్సు ఉన్నారు. రాజమండ్రి ఆవిడ. సంగతంతా విని, తన సంచిలోంచి నిమ్మకాయలు తీసి ఇచ్చారు.

"కబురు రాలేదంటే మంచిదే కదమ్మా. ఏదన్నా అయితే మీవాళ్ళు ఊరుకుంటారా చెప్పండి," అన్నారు.

ఆ మాటతో సుజాతకు కొంత ధైర్యం వచ్చింది. ఆ సాయంత్రం ఆవిడే మమ్మల్ని పైకి తీసుకెళ్ళారు. గాలి కాస్త తగ్గింది. ఓడ పక్కన నీళ్ళలోంచి చేపలు గుంపుగా లేచి, పిట్టల్లా ఎగిరి, దూరంగా మళ్ళీ నీళ్ళలో పడుతున్నాయి. ఒకటి దారి తప్పి డెక్కు మీద పడి, అక్కడున్న పెద్దమనిషి కాలి మీద ఎగిరింది. ఆయన అరిచి దూకాడు. అందరూ నవ్వారు. సుజాత కూడా నవ్వింది. సోమవారం నుంచి ఆమె ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆయన ఉంటె ఈ చేపను సంచిల ఏసుకుంటుండె," అని కూడా అంది.

గురువారం ఎదురుగాలి ఎక్కువై ఓడ నెమ్మదిగా పోతోందని మైకులో చెప్పారు. శుక్రవారం ఉదయం చేరాల్సింది మధ్యాహ్నమయ్యేటట్లుంది. ఆ రోజంతా సుజాత పక్కకు తిరిగి పడుకుంది. నిద్రపోతోందనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంటోంది.

శుక్రవారం మధ్యాహ్నం ఎవరో "సిగ్నల్! సిగ్నల్!" అని అరిచారు. చెన్నై ఇంకా కనపడలేదు. ఆకాశం అంచున బూడిద రంగు గీత, అంతే. ఓడలోని జనమంతా ఫోన్లు పైకెత్తుకుని కమ్మీల దగ్గరికి ఉరికారు. అన్ని ఫోన్లూ ఒక్కసారిగా మోగసాగాయి. పండుగలా ఉంది. ఎవరో ఇంటికి ఫోన్ చేసి గట్టిగా నవ్వుతున్నారు. నా ఫోన్‌లో మా ఆయన నంబరు నొక్కాను. అది కలిసేలోపే పక్కన సుజాత ఫోన్ టింగు టింగుమంటూ ఆగకుండా మెసేజీలు దింపుకోవడం మొదలుపెట్టింది. దుకాణాల వాళ్ళ గ్రూపు అన్నిటికంటే పైకి వచ్చింది. అందులో మల్లేశం ఫోటో. పెళ్ళిలో దిగిన ఫోటోకు చుట్టూ పూలదండ బొమ్మ, కింద శ్రద్ధాంజలి.

సుజాత ఫోటోను వేళ్ళతో పెద్దగా చేసి చూసింది. ముఖం ఒక్కటే తెర నిండా వచ్చేదాకా పెద్దగా చేసింది. "గీ ఫోటో ఎందుకు పెట్టిన్రు అక్కా? గిది మంచిగ లేదు. కన్ను మూసుకపోయింది చూడు," అంది. అని అక్కడే డెక్కు మీద కూలబడింది. రత్నకుమారి గారు పరుగున వచ్చి ఆమె తలను ఒళ్ళో పెట్టుకున్నారు.

అప్పటికి మా ఆయన ఫోన్ ఎత్తాడు.

"మంగళారం రాత్రే పోయిండు. బుధారమంతా ఐసు డబ్బల పెట్టి ఆపినం. ఓడ ఎప్పుడొస్తదో ఎవలు చెప్పకపాయె. పెద్దమనుషులు ఇంక ఆపుడు వద్దన్నరు. నిన్న పొద్దుగాల శ్రావ్యనే నిప్పు పెట్టింది."

"ఓడ ఆఫీసుకు చెప్తే మాకు చెప్పేటోళ్ళు గద," అన్నాను.

దానికి మా ఆయన అన్నాడు: "నంబరు దొరికింది. నేనే చెయ్యలే. నీళ్ళ నడుమ తెలిసి ఏం చేస్తది? ఏడ్సెతందుకు కాళ్ళ కింద నేలన్న ఉండాలె గద అనుకున్న."

నా ఫోన్‌లో హనుమకొండ ఆవిడ మెసేజీ కూడా ఉంది. బుధవారం పొద్దున సమ్మె విరమించారట, సాయంత్రానికే విమానం దొరికిందట, క్షేమంగా ఇల్లు చేరారట, మీరెలా ఉన్నారని అడిగింది. ఆగి ఉంటే మేము కూడా గురువారం తెల్లారేసరికి సిద్దిపేటలో ఉండేవాళ్ళం. సుజాత మల్లేశాన్ని చూసేది. ఆ మెసేజీ తుడిచేశాను. కాని ఆమెకు ఎలాగూ తెలిసింది. ఓడ దిగే వరుసలో మా ముందున్నవాళ్ళు అదే మాట్లాడుకుంటున్నారు.

చెన్నై నుంచి హైదరాబాదుకు విమానంలో రమ్మని మా ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. సుజాత వద్దంది. "ఇంక తొందరేముంది అక్కా?" అంది. ఆటోలో సెంట్రల్ స్టేషన్‌కు వెళ్ళి సాయంత్రం రైలు ఎక్కాం. రిజర్వేషన్ లేదు. టీటీఈ గారికి సంగతి చెబితే ఒక బెర్తు ఇప్పించారు. ఇద్దరం దాని మీదే కూర్చున్నాం. ఎదురుగా నల్లగొండ ఆవిడ మనవడితో ప్రయాణిస్తోంది. మా బ్యాగులకున్న అండమాన్ టూరు చీటీలు చూసి నవ్వుతూ పలకరించింది.

"అండమాన్ పోయొచ్చిన్రా? ఎట్లున్నదమ్మా గాడ?"

నేను ఏదో చెప్పబోయాను. సుజాతే చెప్పింది: "మంచిగున్నది. నీళ్ళు నీలంగుంటయి. అడుగు దాక కనవడుతది."

"మీ ఆయన రాలేదా?"

"రాలే," అని కిటికీ వైపు తిరిగింది.

గూడూరు దాటాక దీపాలు ఆర్పేశారు. చాలాసేపటికి ఆమె నా భుజం తట్టింది.

"బుధారం నాడు నేను చేపలను జూసి నవ్విన అక్కా. అప్పటికి ఆయన డబ్బల ఉన్నడు."

"నీకు తెలువదు గద."

"తెలువదు. బావ చెప్పకపోవుడు మంచిదా, చెడ్డదా?"

నేను దుప్పటి తీసి ఆమెకు కప్పాను. ఇప్పటికీ మా ఆయన మీద నాకు కోపం వస్తుంది. అంతలోనే ఆ మూడు రోజులు తమ్ముడి శవాన్నీ ఆ కబురునూ ఒక్కడే మోశాడని గుర్తొస్తుంది. పైలట్లను తిడదామంటే నోరు రాదు. ఓడ ఎక్కిన తప్పు ఎవరిదని అడిగితే, ఆ రోజు ఆ సూట్‌కేసుల మధ్య కూర్చున్న ఏ ఆడమనిషైనా ఓడే ఎక్కేది. ప్రయాణాల గురించి నాకు తెలిసిందింతే. దీవులకు వెళ్ళే వాళ్ళెవరైనా అడిగితే నీళ్ళు అందంగా ఉంటాయనే చెబుతాను, అది అబద్ధం కాదు. కాని నన్ను మళ్ళీ రమ్మంటే రాను.

శనివారం సికింద్రాబాద్‌లో దిగి జేబీఎస్‌లో కరీంనగర్ బస్సు ఎక్కాం. మూడో దినం పిట్టకు ముద్ద పెట్టడం మేము వచ్చేదాకా ఆపామని మా ఆయన చెప్పాడు. ఎండ మండిపోతోంది. కుకునూరుపల్లి దాటేటప్పుడు సుజాత పైట సర్దుకుని, ముఖం తుడుచుకుంది. సిద్దిపేటలో బస్సు ఆగింది. అద్దంలోంచి చూస్తే శ్రావ్య, మా ఆయన నిలబడి ఉన్నారు. మా ఆయన గడ్డం పెరిగి ఉంది. శ్రావ్య ఒక్కో కిటికీలోకి చూస్తూ వస్తోంది.

నేను బ్యాగులు అందుకుని లేచాను. సుజాత లేవలేదు. ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇది కరీంనగర్ దాక పోతది గద అక్కా," అంది. "గట్లనే పోనియ్యరాదా."

కండక్టరు దిగాలమ్మా, దిగాలని రెండుసార్లు అన్నాడు. శ్రావ్య మమ్మల్ని చూసి బస్సెక్కింది. తల్లి పక్కన కూర్చుని, కమ్మీ మీదినుంచి ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించింది.