మల్లిగాడి బొచ్చు

రుద్రారంలో నాది కుక్కలకు, పిల్లులకు స్నానం చేయించి బొచ్చు దువ్వే దుకాణం. మనుషుల మీద కోపం పెరగాలంటే ఇంతకంటే మంచి పని లేదు. ముచ్చటపడి పర్షియన్ పిల్లిని కొంటారు, రోజూ దువ్వమంటే తీరిక లేదంటారు. బొచ్చు జడలు కట్టి తోలును లాగేస్తుంటే అప్పుడు చంకనేసుకొస్తారు, "జెర జల్దీ చేయండి మేడం" అంటూ. షిట్జూ కుక్కను బట్టల సబ్బుతో రుద్దినవాళ్లూ ఉన్నారు. ఇంతమందిలో నేను అందరికంటే ఎక్కువ తిట్టింది మాత్రం శివమ్మను.

శివమ్మది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. కురుమల ఇల్లు, గొర్రెల మధ్యే పెరిగింది. గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, మెడ నుంచి తోక దాకా ఒక్క గాటు పడకుండా ఉన్ని తీసేదట. మేపే బీళ్లన్నీ ప్లాట్లయ్యాక మంద అమ్ముడుపోయింది. భర్త పోయాక ఇక్కడ అబ్బాయిల హాస్టల్లో ఊడ్చే పనికి కుదిరింది.

ఆ హాస్టల్లో సందీప్ అనే కుర్రాడు హస్కీని తెచ్చి మిద్దె మీద కట్టేశాడు. మంచు దేశపు కుక్క, మన ఎండలు, పైన రేకులు. దానికి ఆల్ఫా అని పేరు పెట్టి, నీలికళ్లతో ఫొటోలు దిగినన్నాళ్లు దిగాడు. పరీక్షలు కాగానే గొలుసుతో సహా వదిలేసి ఊరికి పోయాడు. అప్పుడు నేనుంటే ఆ గొలుసు వాడి మెడకే వేసేదాన్ని.

నాలుక వేలాడేసి రొప్పుతున్న కుక్కను శివమ్మ చూసింది. ఎండలు ముదరకముందే గొర్రెకు ఉన్ని తీయాలని చిన్నప్పటి నుంచి నేర్చిన మనిషి. తన కత్తెర తెచ్చి, దాని ఒళ్లంతా తోలు కనిపించేదాకా కత్తిరించేసింది. ప్రాణం చల్లబడుతుందనుకుంది. కొన్నాళ్లకే వీపంతా ఎర్రగా కమిలి పొలుసులు లేచాయి. అప్పుడు దాన్ని ఎత్తుకుని నా దుకాణానికి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు చేసిండ్రు గిట్ల?" అని అరిచాను.

"నేనే చేసిన బిడ్డా. ఉడుకపోస్తున్నదని..."

"గొర్రె అనుకున్నవా అక్కా? దీనికి బొచ్చు రెండు పొరలుంటది. కిందిది దూది లెక్క మెత్తగ, పైది మందంగ. ఆ పైదే ఎండను ఆపుతది. ఊడే బొచ్చు దువ్వి తీయాలె, గంతే. గుండు కొడితే తోలు కాలుతది. మళ్ల సక్కగ మొలుస్తదో లేదో గూడ తెల్వదు!"

"నా చేతులు ఇరగ," అంది శివమ్మ. కుక్కను తన గదికి తీసుకుపోయి మల్లిగాడు అని పిలుచుకుంది. డాక్టరిచ్చిన మందు రాసింది. కిటికీకి తడి గోనె కట్టింది. పొద్దు ఎక్కకముందే తిప్పుకొచ్చేది. సాయంత్రాలు నా దగ్గర దువ్వడం నేర్చుకుంది. తర్వాత హాస్టల్ పని మానేసి నా దుకాణంలోనే కుదిరింది. ముందు కింది దూది మొలిచింది, పై వెంట్రుక రావడానికి ఏడాది దాటింది. దువ్వెన నిండా వచ్చే బొచ్చు చూసి, "దీనితోని గొంగడి నేస్తరా సమీరమ్మా?" అని నవ్వేది. ఆమె నవ్వగా నేను చూసింది ఆ కుక్క దగ్గరే.

మొన్న మధ్యాహ్నం సందీప్ నా దుకాణం ముందు కారు దిగాడు. రోడ్డు మీద మల్లిగాడిని ఎవరో ఫొటో తీసి వాడికి పంపారట.

"మా అక్క పెండ్లి ఉంది మేడం. ఆల్ఫాగాడు ఫొటోలల్ల మస్తుంటడు. సాయంత్రం వచ్చి తీసుకపోత," అన్నాడు.

నా కోపం నసాళానికి అంటింది. "ఇన్ని దినాలు యాడ సచ్చినవ్‌రా? సిగ్గు లేదా?" అని మొదలుపెట్టి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. బజారంతా విన్నది. వాడి ముఖం నల్లబడింది.

"కాయిదాలు నా పేరు మీదున్నయ్. పోలీసుల తోని మాట్లాడుకుందామా?" అన్నాడు. పోతూ పోతూ, "గుండు కొట్టిన్రంట గదా, గట్లనే ఉంటె నాకొద్దుండె," అన్నాడు.

వాడు కదలగానే షట్టర్ దించి, బొచ్చు తీసే మిషన్ ప్లగ్గు పెట్టి శివమ్మ చేతికిచ్చాను. "కొట్టు అక్కా. తోక దాక కొట్టు. సూసి వాడే వద్దంటడు."

ఆమె మల్లిగాడిని మోకాళ్ల మధ్యకు తీసుకుంది. వాడు దువ్వుతుందనుకుని ఒళ్లప్పగించాడు. వీపు మీద బొచ్చు పాయ తీసి, కింద లేత తోలును చూసింది. మిషన్ ఆపేసింది.

"నాతోని కాదు బిడ్డా. మళ్ల కాలుతది."

"కాలితె మాన్పుదం! లేకుంటె పోతడు గదా!"

"నాకు దక్కనీకె వాన్ని కాల్సాల్నా?"

పిచ్చిదానివన్నాను. చేతగానిదానివన్నాను. ఆమె వినిపించుకోలేదు, పొద్దుగూకేదాకా దువ్వుతూనే కూర్చుంది. సందీప్ వచ్చాక గొలుసు, దువ్వెన రెండూ వాడి చేతికిచ్చింది.

"నీడకుంచు బిడ్డా. రోజు దువ్వు. ఎంత ఉడుకపోసినా కత్తెర పెట్టకు," అని బతిమాలింది. వాడు ఫోన్ చూసుకుంటూ తలూపాడు.

కారు మలుపు తిరిగింది. నేను ఆగలేకపోయాను. "ఒక్క మాటన్న తిట్టకపోతివి వాన్ని! బిడ్డా బిడ్డా అంటివి!"

శివమ్మ నా వైపు చూడకుండా చెప్పింది. "తిడితె, ఆ కోపం మల్లిగాని మీద తీస్తడు సమీరమ్మా."

నేను వాడిని మధ్యాహ్నమే తిట్టేశాను.