ప్లేనో నుంచి బెంటన్‌విల్‌కు: ఆరు గేర్లు, 322 మైళ్లు

2024 అక్టోబరు 18, శుక్రవారం, మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలు. బెంటన్‌విల్‌లో ఆకాశం నిర్మలంగా ఉంది. ఉష్ణోగ్రత 22 డిగ్రీలు, దక్షిణం నుంచి పల్చని గాలి. మా అమ్మాయి మాధవి, నేను చెరొక చేతిసంచితో ఇంటి నుంచి బయలుదేరాము. టెక్సాస్‌లోని ప్లేనో వెళ్లి, అక్కడ ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొని, మరునాడు దానిలోనే తిరిగి రావాలన్నది ఏర్పాటు. అందువల్ల విమానం టికెట్లు వెళ్లడానికి మాత్రమే తీసుకున్నాము. ఒక్కొక్కటి 118 డాలర్లు.

విమానాశ్రయం వద్ద మమ్మల్ని దించుతూ మా అల్లుడు రమేశ్ అన్నాడు: "రెండే సీట్లట కదా మామయ్యగారూ. ఇక నా బతుకు ఆ వ్యాన్‌కే అంకితం."

"ఆ వ్యాన్ పదిహేనేళ్లు నేను నడిపాను. ఇప్పుడు నీ టర్న్," అంది మాధవి.

ఆమె మాట నిజమే. ఇద్దరు పిల్లలను బడికీ, ఈతకూ, సంగీతానికీ ఏడు సీట్ల వ్యానులో తిప్పింది. చిన్నవాడు ఆగస్టులో యూనివర్సిటీ హాస్టల్‌కు వెళ్లాడు. ఆ నెలలోనే, నలభై ఆరో ఏట, తన జీతంలో దాచుకున్న డబ్బుతో తనకు నచ్చిన కారు కొనుక్కుంటానని ప్రకటించింది. మాన్యువల్ గేర్ల బండి తీసుకోమని సలహా ఇచ్చినవాడిని నేను. ఒంగోలులో బస్సు డ్రైవర్లకు ముప్పై ఒక్క సంవత్సరాలు శిక్షణ ఇచ్చాను. పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సు లోపల ఏముందో నేను చెప్పలేను, క్లచ్ ఉన్న బండి ఆరోగ్యం మాత్రం పది నిమిషాలలో చెప్పగలను. మాధవికి క్లచ్ అలవాటు లేదు. "ఇంటికి నేను నడుపుకొస్తాను, తర్వాత నిదానంగా నేర్చుకుందువుగాని" అన్నాను. ఒంగోలు లైసెన్సు, దానిపై తీసుకున్న అంతర్జాతీయ అనుమతి పుస్తకం నా సంచిలో ఉన్నాయి.

విమానం 3:55కు లేచి 5:15కు డాలస్‌లో దిగింది. పక్క సీటులో కూర్చున్న యువకుడు తెలుగువాడు. ఉద్యోగం బెంటన్‌విల్‌లో, కాపురం ప్లేనోలో. ప్రతి శుక్రవారం ఇదే విమానమట. మేము వెళ్లే పని విని నవ్వాడు.

"స్టిక్ షిఫ్టా అంకుల్, చేత్తో గేర్లు మార్చేదా? భలే సేఫ్. ఇక్కడ అది దొంగలకి కూడా రాదు!"

టాక్సీకి 41 డాలర్లు. హోటలు గది 96 డాలర్లు. శుభ్రంగా ఉంది, ఉదయపు ఫలహారం ఉచితం. రాత్రి భోజనం దగ్గరలోని తెలుగు హోటలులో. పప్పు బాగుంది, గోంగూరలో ఉప్పు ఎక్కువ. పడుకునే ముందు కారు యజమాని శ్రీకాంత్‌కు ఫోన్ చేయించి ఒకటే కోరాను: రేపు మేము వచ్చేదాకా ఇంజన్ తిప్పవద్దని. చల్లబడిన ఇంజన్ నిజం చెబుతుంది. ముందే వేడి చేసి ఉంచిన ఇంజన్ దాపరికం నేర్చుకుంటుంది. ఈ ప్రయాణం చేయదలచినవారు ఈ ఒక్క జాగ్రత్త మరువరాదు.

అక్టోబరు 19, శనివారం, ఉదయం 8:00. శ్రీకాంత్ ఇల్లు హోటలుకు 4 మైళ్లు. అతనికి ముప్పై అయిదేళ్లు ఉంటాయి, కరీంనగర్ వాడు. గ్యారేజీ తలుపు ఎత్తగానే ముదురు నీలం రంగు బండి కనిపించింది. జర్మనీలో తయారైనది, 2008 మోడల్, ఆరు సిలిండర్లు, ఆరు గేర్లు, చేతితో లాగే హ్యాండ్ బ్రేకు. మీటరుపై 58,212 మైళ్లు.

ముందుగా ఇంజన్ మూతపై అరచేయి ఆనించాను.

"మీరు చెప్పినట్టే అంకుల్, నిన్నటి సంది ముట్టలె," అన్నాడతను. "నాకు అమ్మబుద్ధి అయితలేదు. కానీ జనవరిలో మాకు ఇంకో పాప వస్తది. బేబీ సీట్ ఏడ పెట్టాలె ఇందుల?"

టైరు పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెలు చదివాను: 2319. అంటే 2019వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైనవి. అయిదేళ్లు దాటాయి కనుక ధరలో తగ్గింపు అడిగాను, అతను ఒప్పుకున్నాడు. సర్వీసు కాగితాలు పద్నాలుగు. తేదీ, మైళ్లు ఒకదానికొకటి సరిపోయాయి. తరువాత అతను నడుపుతుండగా పక్కన కూర్చుని తొమ్మిది మైళ్లు విన్నాను. క్లచ్ గట్టిగా పట్టుకుంటోంది. పొగ లేదు. వెనుక కుడి చక్రం దగ్గర మాత్రం చిన్న చప్పుడు, అది రబ్బరు బుష్షుది, ప్రమాదం లేదు.

28,900 డాలర్లకు మాట కుదిరింది. మధ్యాహ్నం రెండు గంటలకు హ్యూస్టన్ నుంచి ఇంకొకరు చూడటానికి వస్తున్నారనీ, ఆ లోపల తేల్చమనీ శ్రీకాంత్ ముందే చెప్పాడు. మాధవి వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇన్సూరెన్సు వారికి ఫోన్ చేసింది. నా పేరు, పుట్టిన తేదీ చెప్పింది. లైసెన్సు చెల్లుబాటు తేదీ అడిగారట. నేను కార్డు తీసి చదవడం మొదలుపెట్టాను.

"పద్నాలుగు, అక్టోబరు, రెండువేల ఇరవై..."

ఆగిపోయాను.

"నాన్నా? ఇరవై ఎంత?"

"నాలుగు," అన్నాను. "సోమవారంతో అయిపోయింది."

అనుమతి పుస్తకం మీద ఏడాది గడువు ఉంది. ఆ తేదీ నాకు కంఠతా వచ్చు. ఆ పుస్తకానికి ఆధారమైన కార్డును మాత్రం తిప్పి చూడలేదు. ఇతరుల కాగితాలలో తేదీలు వెతకడమే జీవితమైన మనిషి తన జేబులోని తేదీని చూడలేదు. ఇది పూర్తిగా నా పొరపాటు, దీనికి సమర్థన లేదు.

శ్రీకాంత్ తేలికగా తీసుకున్నాడు. "అయిదు రోజులే గదా అంకుల్! ఎవడు చూస్తడు? స్లోగా వెళ్లిపోండ్రి."

"ఒక్క రోజు దాటినవాడిని కూడా నేను బస్సు ఎక్కనివ్వలేదు బాబూ," అన్నాను. "వాళ్లూ ఇదే మాట అనేవారు."

మాధవి ఫోన్ పెట్టేసి, లారీలో పంపించే కంపెనీ ఒకదాన్ని విచారించింది. పన్నెండు రోజులు పడుతుందన్నారు. వచ్చాక కూడా తనకు క్లచ్ రాకపోతే ఆ బండి ఇంటి ముందు బొమ్మే. కొనాలా వద్దా అన్నది ఇప్పుడు నా పరీక్షలతో తేలే సంగతి కాదు. వెళ్లిపోదామన్నా నేను తప్పు పట్టేవాణ్ని కాదు. ఆమె కొంతసేపు గ్యారేజీ వైపు చూసింది.

"కొంటాను," అంది. "నేనే డ్రైవ్ చేస్తాను. మీరు నేర్పండి."

"ఈ రోజేనా? మా దగ్గర మొదటి రోజు ఇంజన్ స్టార్ట్ చేయనిచ్చేవాళ్లం కాదు."

"మీ మొదటి రోజు అయిపోయింది నాన్నా. పంతొమ్మిదేళ్లప్పుడు అడిగాను. శిక్షణ జీపు ఇంట్లోవాళ్లకి కాదన్నారు."

"1997 మే నెల," అన్నాను. నాకు గుర్తుంది. రూలు ప్రకారం నా మాట సరైనదే. అయితే మా వీధిలో అద్దె జీపు ఒకటి ఉండేది. రోజుకు నూట యాభై రూపాయలు. అదీ గుర్తుంది.

ఇన్సూరెన్సు మాధవి ఒక్కదాని పేరున తీసుకున్నాము. బ్యాంకు చెక్కు ఇచ్చి, కారు యాజమాన్య పత్రం మీద సంతకాలు చేయించుకున్నాము. ఒక్క ప్రయాణానికి చెల్లే తాత్కాలిక అనుమతి ఇంటర్నెట్‌లోనే దొరికింది, అయిదు డాలర్లు. 10:40కి శ్రీకాంత్ కారును దగ్గరలోని చర్చి వెనుక ఖాళీ స్థలంలో పెట్టి, తాళం చెవి మాధవి చేతిలో పెట్టాడు. ఆమె మొదటిసారి కదిలించబోయింది. బండి ఎగిరిపడి ఆగిపోయింది. శ్రీకాంత్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"నేను చూడలేను అంకుల్. ఇంటికి నడుసుకుంట పోయి చాయ్ తాగుత," అని నిజంగానే వెళ్లిపోయాడు.

ఇంజన్ ఆగినందుకు నేను నోటు పుస్తకంలో మొదటి గీత గీశాను.

నా పద్ధతి ఒకటే. మొదట యాక్సిలరేటరు ముట్టరాదు. మడమ నేల మీద ఆనించి క్లచ్‌ను వెంట్రుక వాసి చొప్పున వదలాలి. బండి తనంతట తాను కదలాలి. ఇరవై సార్లు, ఆపై ఇంకో ఇరవై. మాధవి చూపు మాటిమాటికీ ఇంజన్ వేగం చూపే ముల్లు మీదకు పోతోంది. జేబురుమాలు తీసి ఆ మీటరును కప్పేశాను.

"అదేంటి! మీరేగా నంబర్స్ చూడమనేది?"

"లెక్క నేను రాసుకుంటాను. నువ్వు విను."

ఏడో గీత దగ్గర ఆమె స్టీరింగు మీద తల వాల్చింది. "మీ స్టూడెంట్స్‌ని ఇలాగే విసిగించేవారా?"

"వాళ్లు తిరిగి మాట్లాడేవారు కాదు."

"బయటికెళ్లి తిట్టుకునుంటారు."

"తిట్టుకునేవారు. నాకు తెలుసు."

12:40 సమయానికి పదిహేడు గీతలు. చివరి ఇరవై నిమిషాలలో ఒక్కటీ లేదు. 1:05కు, 24 డిగ్రీల ఎండలో బయలుదేరాము. శ్రీకాంత్ తన ఇంటి గేటు దగ్గర నిలబడి చేయి ఊపాడు. మేము దాటిన తరువాత కూడా చాలాసేపు అద్దంలో కనిపించాడు.

హైవే ఎక్కేలోపు మూడు సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆగింది. వెనుక హారన్లు మోగాయి. "వాళ్ల హారన్ వాళ్లది. నీ క్లచ్ నీది," అన్నాను. 75వ నంబరు హైవే ఎక్కాక ఆరో గేరులో బండి హాయిగా సాగింది. సీటు నేలకు ఎంత దగ్గరంటే, పక్కన వెళ్లే లారీ చక్రాల బోల్టులు లెక్కపెట్టవచ్చు. పది. రెడ్ రివర్ వంతెన 2:25కు దాటి ఓక్లహోమాలో ప్రవేశించాము. అటోకా ఊరిలో మూడు సిగ్నళ్లు, మూడు గీతలు. మొత్తం ఇరవై మూడు.

అక్కడ పెట్రోలు బంకు దగ్గర పాత పికప్పు ట్రక్కు యజమాని ఒకరు, నా వయసు వారే, మా కారు చుట్టూ ఒకసారి తిరిగారు. మాధవితో అన్నదాన్ని ఆమె నాకు తెలుగులో చెప్పింది: "నా ట్రక్కు కూడా గేర్లదే. మనవడికి ఊరికే ఇస్తానన్నా వద్దన్నాడు. నీకు ఎవరు నేర్పారు?" ఆమె నా వైపు చేయి చూపింది. ఎప్పుడు నేర్పారని ఆయన అడిగితే "ఈ రోజు ఉదయం" అందట. ఆయన తన ట్రక్కును మా వెనుక నుంచి తీసి దూరంగా పెట్టుకున్నారు.

4:25. మెకాలెస్టర్‌లో ఎత్తుకు ఎక్కే దారిలో ఎర్ర దీపం పడింది. మా వెనుక పద్దెనిమిది చక్రాల లారీ వచ్చి ఆగింది. అద్దంలో దాని ముందు కమ్మీ తప్ప ఏమీ కనబడలేదు. బండి నాలుగు అడుగులు వెనక్కి జారితే చాలు.

నా కుడి చేయి దానంతట అదే హ్యాండ్ బ్రేకు కోసం పక్కకు వెళ్లింది. తలుపుకు తగిలింది. మన దేశంలో శిక్షకుడు ఎడమ వైపు కూర్చుంటాడు, బ్రేకు అతని కుడిచేతికి అందుతుంది. ఇక్కడ నేను కుడి వైపున ఉన్నాను, బ్రేకు ఎడమ వైపున ఉంది. ముప్పై ఒక్క సంవత్సరాలు కుడి చేయి చేసిన పని ఎడమ చేతికి రాదు. తడబడే చేయి సాయం కాదు, అడ్డం. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"నాన్నా, మీరు పట్టుకోండి!"

"నేను పట్టుకోను. బ్రేకు లాగి ఉంచు. క్లచ్ వదులు. శబ్దం దిగుతుంది, విను. దిగిందా?"

"దిగింది."

"బండి ముక్కు లేచిందా?"

"లేచింది."

"బ్రేకు వదిలెయ్."

పచ్చ దీపం వెలిగి రెండు సెకన్లయింది. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి పోలేదు. ఎత్తు దాటి మూడో గేరులో పడ్డాక మాధవి పెద్దగా నవ్వింది. నేను చేతులు బయటికి తీశాను, తిమ్మిరి ఎక్కాయి. పుస్తకంలో రాయవలసింది ఏమీ లేదు.

మస్కోగీ 5:40కు దాటాము. అక్కడి సిగ్నళ్లు ఏడు, ఇంజన్ ఒక్కసారీ ఆగలేదు. 6:40కి సూర్యుడు అస్తమించాడు. అంతకు ముందే మీటరు మీది జేబురుమాలు తీసేశాను. ఆమె గమనించలేదు, ఆ వైపు చూడటం మానేసి చాలాసేపయింది. సైలోమ్ స్ప్రింగ్స్ దగ్గర ఆర్కన్సాలో ప్రవేశించి, 7:45కు బెంటన్‌విల్ ఇంటికి చేరాము. ఉష్ణోగ్రత 16 డిగ్రీలు. రమేశ్ గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లకు మాధవి అటు చూసింది, ఇంజన్ ఆగిపోయింది.

"ఇది కౌంట్ చేయకండి నాన్నా!"

చేశాను.

"దిగండి మామయ్యగారూ, నేనో రౌండ్ వెళ్లొస్తా," అన్నాడు రమేశ్. నేను దిగలేదు. దిగడానికి ఆ సీటులోంచి లేవాలి, అది వేరే ప్రయాణం. ఇద్దరూ చెరొక చేయి పట్టి లేపారు.

ప్రయాణం మొత్తం మీద నా అభిప్రాయం అనుకూలం. దారి మంచిది, బండి మంచిది. వెళ్లేవారు టైర్ల తేదీ చూడటానికి ముందు తమ లైసెన్సు తేదీ చూసుకోవాలి. ఇంజన్ ఆగినవి: ప్లేనో చర్చి స్థలంలో 17, హైవే ఎక్కేలోపు 3, అటోకాలో 3, ఇంటి ముందు 1, వెరసి 24. నేను బ్రేకు మీద చేయి వేసినవి: 0. పదవీ విరమణ నాడు, నా దగ్గర నేర్చుకున్నవారి సంఖ్య 1,286 అని రాసి, కింద గీత గీసి పుస్తకం మూశాను. ఈ రాత్రి ఆ గీత కొట్టివేశాను. 1,287.