మూడు గుంజుళ్ల మునస్వామన్న

ఇంజనుకు స్విచ్చి ఉంటుందనీ, అది వేస్తే తప్ప ఇంజను పలకదనీ నాకు తెలిసింది యాభై తొమ్మిదో ఏట. తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఛందస్సు చెప్పి, యతి ఎక్కడ తప్పినా పట్టుకున్నవాణ్ణి. మందు కొట్టే ఇంజను మీద ఎర్రగా కనబడే స్విచ్చిని మాత్రం పట్టుకోలేకపోయాను. ఆ మౌఢ్యాన్ని వదిలించిన మెకానిక్కు, పలమనేరు మునస్వామన్న, మొన్న శుక్రవారం కన్నుమూశాడని ఫోను వచ్చినప్పుడు నేను టమాటా తోటలో అదే ఇంజనును లేపే తాడు పట్టుకొని ఉన్నాను. తాడు నా చేతిలోంచి జారి దానంతట అదే లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట తోటకు మందు పడలేదు.

ఉద్యోగ విరమణ కాగానే పలమనేరు దగ్గర నాయన మిగిల్చిన రెండెకరాల్లో టమాటా పెట్టాను. మొదటిరోజు స్విచ్చి వేయకుండా నలభై సార్లు తాడు గుంజాను. ఆనాడు ఇంజను లేవలేదు. మర్నాడు నా కుడిచేయి లేవలేదు. ఇకమీదట ఇట్లాంటి గుంజుళ్లు కూడవని డాక్టరు ఖండితంగా చెప్పాడు. చేను గుత్తకిచ్చి తిరుపతిలోనే కూర్చోమని ఇంట్లో తీర్మానించారు. నాయన చెమట ఇంకిన నేలను పరాధీనం చేయడమా, భుజాన్ని బలిపెట్టడమా? ఆ ధర్మసంకటంలో, ఇంజనును ఆటోలో వేసుకొని మునస్వామన్న రేకుల షెడ్డుకు వెళ్లాను.

ఆ షెడ్డులో ఒక శాసనం అమలులో ఉండేది. ఎవరైనా తాడు మూడుసార్లే గుంజాలి. అప్పటికీ లేవకపోతే గుంజినవాడు ఎదురంగడికి వెళ్లి, అక్కడున్న అందరికీ టీ తేవాలి. టీ తాగేలోపు తప్పు తానే బయటపడుతుందని ఆయన సిద్ధాంతం. "నాలుగోతూరి గుంజేది సెయ్యి కాదు సామీ, కోపం. కోపానికి ఏ ఇంజనూ లేయదు" అనేవాడు. ఇరవై ఎకరాల ఆసామి ఒకాయన తెల్లపంచె మీద టీ ఒలకబోసుకుంటూ రోడ్డు దాటడం నేను కళ్లారా చూశాను.

నన్నూ గుంజమన్నాడు. ఎడమచేత్తో మూడు గుంజి, వెళ్లి టీ తెచ్చాను. ఆయన ఒక గుక్క తాగి, సల్లారిపోయిందని వంక పెట్టాడు. తర్వాత వేలితో స్విచ్చి నొక్కి, తాడును అలవోకగా లాగితే ఇంజను ఒక్కసారిగా లేచి కూర్చుంది. "ఇంజను బాగనే ఉండాది అయివారూ. మనిసికే యాడో స్విచ్చి వేయాల్సి ఉండాది" అన్నాడు. నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

అయితే నవ్వించి పంపేయలేదాయన. భుజం సంగతి విని సాయంత్రం దాకా కూర్చోబెట్టుకున్నాడు. పంపు ప్రెజరు ముందు దించమన్నాడు: "నెత్తిన మూట పెట్టి నిద్దర లేపితే ఎవురు లేస్తారు?" తాడును మెల్లగా లాగితే ఒకచోట బిగుస్తుందనీ, అక్కడ పంతానికి పోకుండా దాన్ని నెమ్మదిగా వెనక్కి పోనిచ్చి, అప్పుడు ఒకే ఊపున లాగాలనీ చూపించాడు. ఇంజనును నడుమెత్తు బండ మీద పెట్టించాడు. చిన్న పిడి తీసేసి, రెండు చేతులూ పట్టేటట్టు జానెడు జామకర్రను చెక్కి కట్టాడు. "సేత్తో గుంజబాకు. పట్టుకోని వెనక్కి వాలు. నీ బరువే గుంజుతుంది." రెండో ప్రయత్నానికి ఇంజను లేచింది. చేను గుత్తకు పోలేదు. అప్పటినుంచి నాలుగు పంటలు తీశాను. ప్రతి పంటలోనూ ఏదో ఒక అడుగు మరిచిపోయి, ఆ షెడ్డులో టీ మోస్తూనే వచ్చాను. ప్రతిసారీ అది సల్లారిపోయిందనే అన్నాడు.

మొన్న చలికాలంలో ఆయనకు గుండె ఆపరేషనైంది. ఆసుపత్రికి చూడబోయాను. బిగుసుకున్న బీరువా తలుపును నర్సమ్మ పట్టి లాగుతోంది. మునస్వామన్న మాట్లాడే ఓపిక లేక, మంచం మీంచే మూడు వేళ్లు ఎత్తి చూపించాడు.

ఇంజన్లు బాగుచేసేవాళ్లు పలమనేరులో ఇంకా ఉన్నారు. మనుషుల్ని కూర్చోబెట్టి బాగుచేసే చేయి మాత్రం పోయింది. నా రెండెకరాలు నాయన ఇచ్చినవే. వాటిని నాకు నిలబెట్టింది ఆయన. ఆ ఋణానికి ఈ నాలుగు మాటలు నమస్కారమే తప్ప చెల్లింపు కావు.

ఒక్క బాకీ మాత్రం తీర్చుకున్నాను. ఆపరేషను తర్వాత షెడ్డుకు వచ్చిన కొత్తలో, వద్దన్నా వినకుండా ఎవరిదో ఇంజను పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. లేవలేదు. ఎవరూ ఎదురంగడి వైపు చూసే సాహసం చేయలేదు. నేను వంగి చూస్తే, స్విచ్చి వేయలేదు. వేసి, రెండు చేతులా పట్టి వెనక్కి వాలాను. లేచింది. "నాకూ ఉండాది సామీ ఒక స్విచ్చి" అని ఆయన తువ్వాలు దులిపి లేచాడు. తాము తెస్తామని ఇద్దరు ముందుకొస్తే చేత్తోనే ఆపి, రోడ్డు మధ్య ఒకసారి ఆగి ఊపిరి తీసుకొని, ఐదు గ్లాసులు తానే మోసుకొచ్చాడు. మొదటిది నాకే ఇచ్చాడు.

పొగలు కక్కుతున్న ఆ టీని ఒక గుక్క తాగి, "సల్లారిపోయిందన్నా" అన్నాను.