ఇంటివాళ్ళ చేత్తోనే తీయించాలి

సౌదీ ఉత్తరాన ఈ తబూక్‌లో చలి మా ఊరి చలికంటే మొండిది. మొన్న పొద్దున్నే క్వార్టర్స్‌లో ఒక వంటింట్లో డిస్పోజర్ బాగుచేసి, చివరగా నాలుగు మంచుముక్కలు, ఒక నిమ్మతొక్క లోపల వేసి, నీళ్ళు వదిలి స్విచ్చు నొక్కాను. అప్పటిదాకా రాళ్ళు నములుతున్నట్టు గడగడలాడిన మిషను కాసేపు కరకరమని, తర్వాత బుద్ధిగా తిరిగింది. నలిగిన నిమ్మతొక్క వాసన వంటిల్లంతా పరుచుకుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు మస్తాన్ భాయ్ గుర్తొస్తాడు. రాబిగ్‌లో నా మొదటి ఫోర్‌మన్ ఆయన. ప్రొద్దుటూరు మనిషి. నాకు పని నేర్పినవాడు అని అందరికీ చెబుతుంటాను గానీ, నిజానికి పనికంటే పెద్దదే నేర్పాడు. అది చెప్పాలంటే కొంచెం తీరిక కావాలి, ఇప్పుడు దొరికింది.

ముందు డిస్పోజర్ సంగతి. సింకు తూము కింద బిగించే చెత్త నలిపే మిషను అది. ఎంగిలి మెతుకులు, తొక్కలు అందులోకి తోసి స్విచ్చు వేస్తే పిండి చేసి నీళ్ళతోపాటు గొట్టంలోకి పంపేస్తుంది. మా కోరుట్ల వైపు ఆ ఉద్యోగం కోళ్ళూ బర్రెలూ చేస్తాయి కాబట్టి, సౌదీ వచ్చేదాకా నేను దాని మొహం చూడలేదు. రాబిగ్‌లో రిఫైనరీవాళ్ళ కాలనీలో ప్రతి ఇంటికీ ఒకటుండేది, వారానికి సగం కంప్లయింట్లు దాని మీదే వచ్చేవి. చప్పుడొస్తోందని ఫోను రాగానే నేను స్పానర్లు సర్దుకునేవాణ్ణి. మస్తాన్ భాయ్ మాత్రం టీ తాగేవాడు. "చప్పుడు యాడికీ పోదులే అబ్బీ, దానికి కాళ్ళు ల్యావు" అనేవాడు. ఆయన నిదానం చూసి మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నాది అసలే తొందర స్వభావం. పుట్టడం కూడా నెలలు నిండకుండానే పుట్టానని మా అమ్మ ఎత్తిపొడుస్తుంది.

ఆయన మిషను దగ్గర కూర్చునేముందు ఇంటివాళ్ళతో కూర్చునేవాడు. ఒకసారి గుంటూరు ఇంజినీరు గారింట్లో డిస్పోజర్ మూలుగుతోందని వెళ్ళాం. మస్తాన్ భాయ్ గుమ్మంలోనే ఆ ఇల్లాలిని అడిగాడు: "మేడం, నిన్న ఏం వండినారు?"

ఆవిడకు కోపం వచ్చింది. "మిషను బాగుచెయ్యమంటే మా వంట సంగతి ఎందుకండీ మీకు?"

"దానికి జబ్బు తిండితోనే గదమ్మా వచ్చేది."

ఆవిడ తగ్గి, "సాంబారు" అంది.

"మునక్కాయలేసినారా?"

వేశారు. నమిలి ఉమ్మిన మునక్కాయ పిప్పంతా డిస్పోజర్‌కే నైవేద్యం పెట్టారు. పైన చింతపండు పిసికిన గింజలు కూడా. నేను పట్టకారుతో ఆ పిప్పి లాగుతుంటే జడలో సవరంలా వస్తూనే ఉంది. "ఇది మిషను మేడం, బర్రె గాదు" అన్నాడు మస్తాన్ భాయ్, చాలా మర్యాదగా. ఆవిడ కోపం మరిచిపోయి నవ్వేసింది. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో చప్పుడొస్తే మునక్కాయో చింతగింజో, సౌదీల ఇళ్ళలో రంజాన్ నెలలో చప్పుడొస్తే ఖర్జూరం గింజ. సగం రోగం అక్కడే తేలిపోయేది. మిగతా సగం కోసం మెయిన్ స్విచ్చు కట్టేసి, కింద ఉండే చిన్న కన్నంలో ఆరుపలకల ఆలెన్ కీ పెట్టి ఇటూ అటూ తిప్పేవాళ్ళం. లోపల ఇరుక్కున్నదేదో వదిలేది. చెయ్యి మాత్రం లోపల పెట్టనిచ్చేవాడు కాదు.

ఇంకో నియమం ఉండేది, అది నాకు అర్థమయ్యేది కాదు. లోపల చెంచా కనబడినా, సీసా మూత కనబడినా మేం తీయకూడదు. ఇంటివాళ్ళను పిలిచి, టార్చీ పట్టకారూ వాళ్ళ చేతికిచ్చి, చూపించి, వాళ్ళ చేత్తోనే తీయించాలి. "గింత దానికి గంత పంచాయతీ ఎందుకు భాయ్, గుంజి అవతల పారేస్తే అయిపాయె గదా" అని గొణిగేవాణ్ణి. ఆయన నవ్వి ఇంటివాళ్ళను పిలవడానికి పోయేవాడు. ఎప్పుడో నాకే తెలుస్తుందని వదిలేశాడేమో.

తెలిసింది. అది రంజాన్ నెల, సాయంత్రపు నమాజు వేళ. కాలనీ చివరి విల్లా అబూ ఫహద్‌ది. రిఫైనరీలో పెద్ద ఉద్యోగి, పెద్దమనిషి. మేం పోతే ఎప్పుడూ ఖర్జూరాలిచ్చి పంపేవాడు. ఆ ఇంట్లో వంటమనిషి సుబ్బమ్మక్కది రాయచోటి దగ్గర పల్లె. కూతురికి కాన్పయింది, మనవడు పుట్టాడు, చూడ్డానికి సెలవు దొరికింది. ఖురూజ్ కూడా పడింది, అంటే దేశం దాటడానికి అనుమతి. మర్నాడే విమానం. కిందటి వారం ఆ వైపు పనికి వెళ్తే, ఊళ్ళోవాళ్ళకు కొన్న సబ్బులన్నీ గేటు దగ్గరే నిలబడి లెక్క అప్పజెప్పింది మాకు.

మేం వెళ్ళేసరికి ఆమె వంటింటి మూల నిలబడి ఏడుస్తోంది. అబూ ఫహద్ మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. నిన్న సాయంత్రం నుంచి ఆకుపచ్చ రిబ్బను కట్టిన బీరువా తాళంచెవి కనిపించడం లేదట. ఇంట్లోవాళ్ళ బంగారం అందులోనే ఉంది, సుబ్బమ్మక్క పాస్‌పోర్టూ అందులోనే ఉంది. గదులు ఊడ్చేది ఆమె ఒక్కతే. తాళంచెవి దొరికేదాకా ప్రయాణం లేదు, రేపు పోలీసులను పిలుస్తాను అన్నాడు. డిస్పోజర్ చప్పుడు కూడా నిన్నటి నుంచేనని, ఈ గోలలో అదొకటని విసుక్కున్నాడు.

నా నోరు ఊరుకోలేదు. తోటి తెలుగుమనిషి అట్లా ఏడుస్తుంటే ఎట్లా ఊరుకుంటుంది? "ఏడ్వకక్కా. ఏం గాదు. అసలు ఏమైందో నాకు చెప్పు" అన్నాను. ఆమె గబగబా తెలుగులో చెప్పసాగింది. నేను ఊకొడుతున్నాను. తల తిప్పి చూద్దును కదా, అబూ ఫహద్ చూపు ఆమె మీంచి నా మీదికి వచ్చేసింది. "ఏంటి మీరిద్దరూ మాట్లాడుకునేది?" అన్నాడు అరబ్బీలో. ఎప్పుడూ ఖర్జూరాలిచ్చే మనిషి గొంతు కాదది. నేను ఓదార్పు అనుకున్నది ఆయనకు గూడుపుఠాణీలా వినిపించింది.

మస్తాన్ భాయ్ అరబ్బీలోనే జవాబిచ్చాడు. "ఆమె ఏడుస్తోంది, ఎందుకని అడిగాడు. కొత్తవాడు, తెలియదు. ఇకనుంచి ఈ ఇంట్లో అందరం అరబ్బీయే మాట్లాడతాం." నాకు కూడా అరబ్బీలోనే, ఆ పెద్దమనిషి వినేటట్టు, నోరు మూసుకుని మెయిన్ స్విచ్చు కట్టెయ్యమని చెప్పాడు.

సుబ్బమ్మక్క ఆయనవైపు ఆశగా చూసింది. ఇద్దరిదీ ఒకే జిల్లా. పండక్కి ఆమె చేసిన ఓళిగలు ఆయన రూముకు వచ్చేవి. "అన్నా, నువ్వన్నా చెప్పన్నా ఆయప్పకు. నేనట్లాటిదాన్నా?" అంది.

ఆయన ఆమె మొహం కూడా చూడలేదు. డిస్పోజర్ ఎప్పటినుంచి మోగుతోందో మళ్ళీ ఒకసారి చెప్పమని అబూ ఫహద్‌ని అడిగాడు.

"మన సీమోడివే గదన్నా. ఒక్క మాట పలకవా?"

పలకలేదు. ఆ క్షణంలో ఆయనంటే నాకు అసహ్యం వేసింది. ఉద్యోగం కోసం ఇంత రాయి కావాలా మనిషి, అనుకున్నాను.

పళ్ళు కొరుక్కుంటూ టార్చి వేసి తూములోకి చూశాను. అడుగున, తిరిగే పళ్ళెం అంచుకు చుట్టుకుని ఆకుపచ్చ రిబ్బను పీలిక ఒకటి. దాని పక్కన ఇత్తడి మెరుపు. మెయిన్ ఎలాగూ కట్టేసి ఉంది. నియమం గియమం మరిచిపోయి చెయ్యి లోపలికి పోనిచ్చాను. అంతే, భుజం మీద మస్తాన్ భాయ్ చెయ్యి పడింది. ఎముక నొప్పెట్టేంత గట్టిగా. "బర్రా" అన్నాడు, బయటికి తియ్ అని. ఖాళీ చెయ్యి బయటికి తీశాను. ఆ చేతిని అబూ ఫహద్ కూడా చూశాడు.

"మీరొకసారి వచ్చి చూడండి" అని మస్తాన్ భాయ్ ఆయన్ను పిలిచి టార్చి చేతికిచ్చాడు. లోపల ఏముందో చెప్పలేదు. ఆయన వంగి చూశాడు. చాలాసేపు అట్లాగే వంగి ఉన్నాడు. పట్టకారు ఆయనకే ఇచ్చి, మస్తాన్ భాయ్ కింద కూర్చుని ఆలెన్ కీ ఇటూ అటూ తిప్పాడు. రిబ్బను కొంచెం కొంచెంగా వదిలింది. పళ్ళు వంకరపోయిన తాళంచెవి అబూ ఫహద్ చేత్తోనే పైకి వచ్చింది.

ఆయన ఎడమచెయ్యి తనంతట తానే థోబు మీది, అంటే ఆ పొడుగు అంగీ మీది, రొమ్ము జేబు తడుముకుంది. ఇఫ్తార్‌కు ఉపవాసం విడిచే ఖర్జూరాలు ఎవరికీ వదలకుండా తనే కడిగి గింజలు తీస్తాడు ఆ పెద్దమనిషి. తన తోట కాయలని అంత మురిపెం. నిన్న సింకు మీదికి వంగినప్పుడు జేబులోంచి జారి, గింజలతోపాటు లోపలికి పోయింది. "నాదే. నేనే పడేశాను" అన్నాడు మెల్లగా. సుబ్బమ్మక్కవైపు తిరిగాడు. ఇద్దరి మధ్యా ఉన్న అరబ్బీ అంతా వంటా గిన్నెలూ చీపురూ, అంతే. ఆయన మస్తాన్ భాయ్‌తో అన్నాడు: "మీ భాషలో ఆమెకు చెప్పు. నేను తప్పుగా అనుకున్నానని. మాఫ్ చెయ్యమని."

అప్పుడు మస్తాన్ భాయ్ మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. తెలుగులో నోరు తెరిచాడు. "సుబ్బమ్మా, తాళంచెవి దొరికింది. జేబులోంచి నేనే పారేసుకున్న్యా, నిన్ను అనుమానించినా, మాఫ్ చెయ్యమంటాండాడు. ఇదంతా ఆయన మాట. నాది వేరే ఉంది."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏందన్నా?"

"నిన్నటాల నుంచి ఏమన్నా తిన్న్యావా?"

ఆమె లేదన్నట్టు తలూపి, ఉన్నచోటే చతికిలబడి భోరుమంది. ఇందాకటి ఏడుపు కాదది. వింటుంటే మా ప్రాణాలు కుదుటపడ్డాయి. రోజా ఉపవాసంలో ఉన్న మస్తాన్ భాయ్ తనే ఫ్రిజ్ తీసి, అబూ ఫహద్ అనుమతి అడిగి, రొట్టె, పెరుగు ఆమె ముందు పెట్టాడు. నేను మంచుముక్కలూ నిమ్మతొక్కా వేసి మిషను నడిపించాను. సద్దు లేకుండా తిరిగింది. తాళంచెవి పళ్ళు కటింగ్ ప్లేయరుతో సరిచేస్తే బీరువా తెరుచుకుంది. పాస్‌పోర్టు ఆ పూటే ఆమె చేతికొచ్చింది. మర్నాడు ఆమె విమానం ఎక్కింది.

తిరిగొచ్చేటప్పుడు బండిలో అడిగాను. "భాయ్, నీకు ముందుగాల్నే ఎరుకనా?"

"తాళంచెవి పోయిందీ, చప్పుడొచ్చిందీ రెండూ నిన్న సాయంత్రమే అంటే అనుమానమొచ్చింది."

"మరి చెప్పొచ్చు గదా! ఆమె గట్ల ఏడుస్తుంటే..."

"ఉందని ముందే చెప్తే, నీకెట్ల తెలుసంటాడు. నువ్వు చెయ్యి పెట్టి తీసింటే, నువ్వే పెట్టినావంటాడు. తీసేవాడు తెలుగోడు, ఏడ్చేది తెలుగామె. మధ్యలో తెలుగు మాట. నేనైనా అట్లనే అనుకుంటా." గేరు మార్చి అన్నాడు, "మన భాష మనకు ముద్దే అబ్బీ. అర్థం గానోనికి అది గుసగుస."

ఇందాక ఆయన మీద పుట్టిన అసహ్యం ఏమైపోయిందో నాకే తెలియదు. ఆమె ఒక్క మాట పలకవా అన్నప్పుడు పలకకుండా ఉండడానికి ఆయన ఎంత బలం ఖర్చుపెట్టి ఉంటాడో ఆ దారిలో ఆలోచించుకుంటూ కూర్చున్నాను. ఇఫ్తార్ అజాన్ వినబడగానే ఆయన బండి పక్కకు ఆపి నీళ్ళు తాగాడు. మిగిలిన సగం సీసా నా చేతికిచ్చాడు.

ఆయన ఇప్పుడు ప్రొద్దుటూరులో మనవలతో హాయిగా ఉన్నాడు. ఫోను చేస్తే ముందు నా మోకాళ్ళ నొప్పుల సంగతి అడుగుతాడు. ఇక్కడ తబూక్‌లో నా కింద పనిచేసే పిల్లలు నాది చాదస్తం అంటారు. గింత దానికి ఇంటివాళ్ళను పిలవాలా అని సణుగుతారు. సణగనీ. ఎవరి ఇంట్లో వాళ్ళకు అర్థమయ్యే భాషే మాట్లాడిస్తాను, ఏది దొరికినా ఇంటివాళ్ళ చేత్తోనే తీయిస్తాను. ఆ గంటసేపు వంటింటి మూలన నిలబడి ఆశగా మావైపు చూసే పనిమనిషికి మేం పరాయివాళ్ళలాగే కనిపిస్తాం, తప్పదు. పని అయిపోయి, ఇంటివాళ్ళ మనసు తేలికపడ్డాక, వాళ్ళ అనుమతి తీసుకునే ఆ మనిషి దగ్గరికి పోతాను. ఏ దేశపు మనిషైనా సరే, వచ్చీరాని భాషలో ఒక్కటే అడుగుతాను, ఏమన్నా తిన్నావా అని.