మంచులో పెట్టిన గుండిగ

రెయినో హాపలా ఇంటిపనిలో ఏమంత ఘనుడు కాదు. మంచు విపరీతంగా కురిసే కాల్యుమెట్ ఊళ్లో నలభై ఏళ్లు రోడ్డు మీద మంచు తోసే బండి నడిపాడు. ఇంట్లో భార్య లెంపి ఎత్తమన్న బరువులు ఎత్తాడు. బీరు కాచేది ఆవిడే. కాచిన ప్రతిసారీ అడుగున మిగిలిన ఈస్ట్‌ను, అంటే బీరును పులియబెట్టే ప్రాణమున్న మడ్డిని, గాజు సీసాలోకి తీసి, ఫ్రిజ్‌లో దాచి, మళ్లీ కాచినప్పుడు వాడేది. అలా ఇరవై ఆరేళ్లు ఒకే ఈస్ట్‌ను బతికించుకొచ్చింది.

నవంబరులో లెంపి పోయింది. ఫ్రిజ్‌లో ఒక్క సీసా మిగిలింది. ఇంకా ఆలస్యం చేస్తే అదీ చచ్చిపోతుందని రెయినోకు బెంగ పట్టుకుంది. ఎన్నడూ గరిటె పట్టని మనిషి జనవరిలో బీరు కోసం బార్లీ కషాయం కాచాడు.

కాచడం బాగానే కాచాడు. చల్లార్చడం దగ్గర వచ్చింది చిక్కు. అది తొందరగా చల్లారకపోతే పాడవుతుంది. కషాయంలో ముంచే రాగి గొట్టపు చుట్టలోకి చన్నీళ్లు వదులుదామంటే కుళాయి గడ్డకట్టింది. లెంపి గుండిగను మంచులో పెట్టడం కిటికీలోంచి చూసినవాడే కనుక తనూ అలాగే పెట్టి లోపలికొచ్చాడు. ఆవిడ ఆ చలిలో నిలబడి ఎందుకు కలుపుతూ ఉండేదో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. "లోపలికి రావే, ముక్కు ఊడిపోతుంది" అని ఎగతాళి చేసేవాడంతే.

గంటాగి థర్మామీటరును అడుగుదాకా దించాడు. అరవై ఎనిమిది ఫారన్‌హీట్. ఈస్ట్ పోయడానికి లెంపి రాసిపెట్టిన కాగితంలో ఉన్న అంకే. పైన ఆవిరి లేస్తోంది గానీ, ఆ చలికి గోరువెచ్చటి నీళ్లూ పొగలు కక్కుతాయిలే అనుకున్నాడు. సగం ఈస్ట్ దాచమని కూడా కాగితంలో ఉంది. రెండు నెలలు దాటింది, నీరసించి ఉంటుంది, సగం చాలదేమోనని సీసా మొత్తం పోసేశాడు. తర్వాత గరిటెతో కలిపాడు.

ముల్లు పైకి కదిలింది. ఎనభై. నూరు. నూట ముప్పై. చల్లారింది అడుగు మాత్రమే. అంత వేడికి ఈస్ట్ బతకదు. రెయినో వట్టి చేతులతో మంచు తోడి గుండిగలో పోస్తూ, "ఆగు, ఆగు" అని బతిమాలాడు.

మూడో రోజు పక్కింటి ఒన్నీ వచ్చి, కషాయం పులవడానికి పోసి ఉంచిన జాడీకి చెవి ఆనించాడు.

"ఒక్క బుడగా లేదురా. పద, దుకాణంలో వేరే ఈస్ట్ తెచ్చుకుందాం."

"తెస్తే బీరవుతుంది. లెంపి బీరు అవదు." రెయినో ఉన్నట్టుండి తలెత్తాడు. "ఒరేయ్, నీకో ఈస్ట్ సీసా ఇస్తానందిగా! తీసుకున్నావా?"

ఒన్నీ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "పక్కిల్లేగా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నానురా."

రెయినో ఖాళీ సీసాను చేతిలోకి తీసుకున్నాడు.

"ఆవిడ పోయేటప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు, ఒన్నీ. దీన్ని మాత్రం నా చేతులతో నేనే చంపుకున్నాను."