పిల్లలు రాసుకొచ్చిన ఊరు

ఎమర్జెన్సీ వచ్చిన రెండో ఏడాది నేను పటాన్‌చెరు దగ్గర ఒక ఊళ్లో, సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. మాది కృష్ణా జిల్లా. నా చిన్నప్పుడే నాన్నకు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో పని దొరికి ఇంటిల్లిపాదీ వచ్చేశాం. ఈ సంగతి జరిగేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు.

పౌరశాస్త్రం పిల్లలకు రుచించేది కాదు. పంచాయతీ అంటే ఏమిటని అడిగితే తొమ్మిదో తరగతి మొత్తం పుస్తకంలోని వాక్యాన్ని ఒకే రాగంలో అప్పజెప్పేది. విసుగెత్తి, దసరా సెలవులకు ఒక పని ఇచ్చాను. ఒక్కొక్కరు తమ ఇంటితో మొదలుపెట్టి పది ఇళ్లకు వెళ్లాలి. ఇంటి పెద్ద పేరు, చేసే పని, ఇంట్లో పిల్లలు ఎంతమంది, వాళ్లలో బడికి వచ్చేది ఎందరు, మంచినీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు. ప్రశ్నలు నల్లబల్ల మీద నేనే రాశాను. అన్నీ కలిపి ఊరికి ఏం కావాలో పంచాయతీకి విన్నపం పెట్టాలని నా ఆలోచన.

సెలవుల తర్వాత ముప్పై రెండు నోటుపుస్తకాలు వచ్చాయి. అన్నిట్లోకీ ఒక అమ్మాయిది ముచ్చటగా ఉంది. తండ్రి కొత్త ఫ్యాక్టరీల షెడ్లు కట్టేచోట కూలి. ఆమె ప్రతి ఇంటి పేరు కింద స్కేలు పెట్టి గీత గీసింది. 'చాలా బాగుంది' అని రాసి, ఆ పుస్తకాన్ని దొంతిలో అన్నిటికన్నా పైన పెట్టాను.

ఆ శుక్రవారం హెడ్మాస్టరు స్టాఫ్ రూముకు వచ్చారు. మేమంతా పెద్దసారు అనేవాళ్లం. స్థానికుడు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి.

"టీచరమ్మా, పొద్దుగాల బ్లాకు ఆఫీసు నుంచి ఒకాయన జీపుల వచ్చిండు. దొంతిల పైనున్న మీ పిల్లల బుక్కులు ఏడు పట్టుకపోయిండు. మిగిలినయి సోమవారం కావాల్నంటున్నడు."

"ఎందుకు సార్?"

"మెచ్చుకునేటందుకు అన్నడు." ఆ మాట అంటూ ఆయన నా ముఖం చూడలేదు.

ఆ రోజుల్లో ప్రతి సర్కారు ఉద్యోగీ పిల్లలు ఎక్కువున్న మగవాళ్లను కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు తేవాలని పైనుంచి ఒత్తిడి. పక్క ఊళ్లలో జీపు చప్పుడు వినబడితే మగవాళ్లు చేలల్లోకి పరుగెడుతున్నారని పిల్లలే నవ్వుతూ చెప్పేవాళ్లు. ఏ ఇంట్లో ఎవరు, ఏం పని, ఎంతమంది పిల్లలు. వాళ్లకు కావలసిందంతా నేనే రాయించి పెట్టాను.

శనివారం ఒంటిపూట బడి. గంట కొట్టగానే సంగారెడ్డి బస్సెక్కాను. మా ఇంటి ఓనరు తమ్ముడు అక్కడ కోర్టులో వకీలు. నా మాట సగం విని, లేచి వెళ్లి వీధి తలుపు వేసి వచ్చాడు.

"జనాభా లెక్కలోళ్లు ఇంటింటికి తిరిగి రాస్తరు గదా. ఆ రాసింది ఎవ్వరికీ చూపెట్టొద్దని చట్టం ఉన్నదమ్మా. మీ పిల్లలు రాసింది తీస్కపోతుంటే ఆ చట్టం అడ్డం రాదు. బడిపిల్లలతోని పేర్లు రాయించమని ఏ కాయిదాల, ఏ రూలుల లేదు. రాయించొద్దనీ లేదు."

"మరి మిగిలినవి ఇవ్వనని చెప్పొచ్చా?"

"ఇయ్యనంటే మీ నౌకరి పోతది. ఈ దినాలల్ల జైలుకే పోతరేమో, నేను చెప్పలేను." నా వైపు కుర్చీ జరుపుకున్నాడు. "నోటుబుక్కు ఎవరిది? తండ్రి కొనిచ్చింది, పిల్లది. మీరు దిద్దుతరు, వాపస్ ఇస్తరు. ఇచ్చినంక మీ దగ్గర లేదు. లేదన్నమాట అబద్ధం గాదు. జల్దీ ఇచ్చెయ్యిండ్రి."

సోమవారం మొదటి పీరియడ్‌లోనే ఇరవై అయిదూ పంచేశాను. ఇళ్లకు తీసుకెళ్లండి, మళ్లీ తేవద్దు అన్నాను.

"విన్నపం ఎప్పుడు రాస్తం టీచర్?" అని ఎవరో అడిగారు.

"రాయడం లేదు."

మధ్యాహ్నం జీపు వచ్చింది. దిద్ది ఇచ్చేశానని చెబితే ఆ అధికారి నా పేరు అడిగి డైరీలో రాసుకున్నాడు. పక్కన నిలబడ్డ పెద్దసారు మెల్లగా అన్నారు, "మా బళ్లె దిద్దినంక ఇచ్చుడే రివాజు సార్." జీపు తిరిగి వెళ్లిపోయింది.

నాలుగు రోజులకు జీపు షెడ్లు కట్టేచోటికి వెళ్లి అయిదుగురిని ఆపరేషన్లకు ఎక్కించుకుపోయిందని తెలిసింది. వాళ్లలో ఆ అమ్మాయి తండ్రి ఉన్నాడు. అమ్మాయి బడికి రావడం మానేసింది. పది రోజులు ఆగి వాళ్లింటికి వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆ పది రోజులూ వెళ్లడానికి నాకు భయం.

తల్లి గడపలోనే నిలబడి మాట్లాడింది. "మాకు ఒక్కతే పిల్ల, పంతులమ్మా. కడమ ముగ్గురు మా బావ పిల్లలు. బావ సచ్చిపోతే మేమే సాకుతున్నం. నలుగురున్నరని పిల్ల రాసిన కాయితం సూపెట్టిన్రంట. ఈయన మొత్తుకున్నా ఇనలేదంట."

అమ్మాయి లోపలి నుంచి వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు. "మీరు ఇంట్ల పిల్లలు ఎంతమంది అని అడిగిన్రు టీచర్. ఎవల పిల్లలు అని అడగలే."

మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న తండ్రి, తల తిప్పకుండానే అన్నాడు, "పంతులమ్మకు మంచినీళ్లియ్యి."

ఆ ప్రశ్న బల్ల మీద రాసింది నేనేనని, మీ కూతురు తప్పేమీ లేదని చెప్పాను. ఆయన, "మంచికే రాయించి ఉంటరు," అన్నాడు. నీళ్లు తాగి చెంబు అమ్మాయి చేతికి ఇచ్చాను.

నెల తిరక్కుండా నన్ను జిన్నారం వైపు బదిలీ చేశారు. కారణం రాయలేదు. మరుసటేడు ఎన్నికలై కేంద్రంలో సర్కారు మారాక వకీలును మళ్లీ కలిశాను. ఇప్పుడు ఫిర్యాదు ఇవ్వొచ్చు, కానీ అది ఆ తండ్రే ఇవ్వాలి అన్నాడు. ఒక ఆదివారం మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. అమ్మాయి మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనికి పోతోందని తల్లి చెప్పింది. తండ్రి నేను చెప్పినదంతా తలవంచుకుని విన్నాడు.

"కోర్టుల నిలబడి గా ముచ్చట పదిమంది ముంగట చెప్పాల్నా?"

"చెప్పాల్సి ఉంటుంది."

"వద్దు పంతులమ్మా. మా ఇంటి సంగతి ఇప్పటికే బయట శానా తిరిగింది."

సంచిలో నేను రాసి తెచ్చిన ఫిర్యాదు ఉంది. దాన్ని బయటికి తీయలేదు. సాయంత్రం బస్సుకు జిన్నారం వెళ్లిపోయాను.