వర్లీన్ చేతికి తెలిసిన శ్రుతి

బెస్సెమర్‌లోని గిలియడ్ బాప్టిస్టు చర్చిలో పాటకు ముందు శ్రుతి చెప్పే అలవాటు లేదు. ఎవరికి పాట వస్తే వాళ్లు లేచి ఎత్తుకుంటారు. ఆ గొంతు ఎక్కడుందో పట్టుకుని, దాని కింద పియానోను పరవడం వర్లీన్ టాలివర్ పని. వారమంతా బడి వంటగదిలో గరిటె తిప్పిన చేతులే ఆదివారం పియానో మెట్ల మీద పడేవి. ఎడమచేయి లోతైన స్వరాలను దొర్లించుకుంటూ పోతుంటే, పాడేవాళ్లు ఊపిరి తీసుకునే సందులో కుడిచేయి జవాబు చెప్పేది. వంటపని మాని చాలాకాలమైంది. పియానో మాత్రం మానలేదు.

చివరికి పియానోయే ఆమెను మానుకుంది. లోపలి చట్రం బీటలువారింది, ఇక బాగుపడదని మరమ్మతు చేసేవాడు తేల్చేశాడు. రేడియో స్టేషన్లో పనిచేసే మేనకోడలు కార్లిస్, దాన్ని తీసుకుపోయేలోపే ఒక్కో మెట్టు శబ్దాన్నీ రికార్డు చేసి ఎలక్ట్రిక్ కీబోర్డులో పెడతానంది.

"అత్తా, ఒక్క మెట్టే నొక్కు. నొక్కి ఊరుకో. ఆ కూనిరాగం ఆపు."

"ఒంటి మెట్టు ఏం మాట్లాడుతుందే? ఎండు రొట్టె నమిలినట్టుంది."

సణుగుతూనే సాయంత్రానికి అన్నీ నొక్కింది.

కొత్త కీబోర్డు వచ్చిన ఆదివారం, చర్చి పెద్దల్లో ఒకడైన డీకన్ ఓజెల్ లేచి పాట ఎత్తుకున్నాడు. వర్లీన్ వేళ్లు ఎప్పుడూ వెళ్లే నల్లమెట్ల మీదికే వెళ్లాయి. శబ్దం అచ్చం పాత పియానోదే. కానీ గొంతుకూ దానికీ పొసగలేదు. ఇరుకు సందులో రెండు బండ్లు రాసుకున్నట్టయింది. పక్కకు జరిగి తెల్లమెట్లు పట్టుకుంటే గొంతు దొరికింది గానీ, ఆ దారి ఆమె వేళ్లకు తెలియదు. తడబడ్డాయి.

వెనక బల్లల్లోంచి ఎవరో మెత్తగా అన్నారు: "నిదానం తల్లీ, నిదానం."

పాడుతూ బెదిరిపోయిన పిల్లలకు ఆ చర్చిలో చెప్పే మాట అది. వర్లీన్‌తో ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. ఆమె చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. జనం చప్పట్ల తాళం మీదే పాట ముగించారు.

"నా చెవులు పోయాయి పాస్టర్‌గారూ, వేరేవాళ్లను చూసుకోండి" అంది బయటికి వస్తూ. బర్మింగ్‌హామ్‌లో పియానో వాయించే అబ్బాయి ఒకడు ఉన్నాడనీ, ఆమె మనసు మార్చుకోకపోతేనే కబురుపెడతాననీ పాస్టర్ బతిమాలినట్టు చెప్పాడు.

మర్నాడు కార్లిస్ కీబోర్డును చంకన పెట్టుకుని ఆమె ఇంటికి వచ్చింది. వర్లీన్ బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"నీ చెవులకేం కాలేదత్తా. పాత పియానో శ్రుతి ఏళ్ల తరబడి జారి అరస్వరం, అంటే పక్కమెట్టంత, కిందికి దిగిపోయింది. మీ అందరి గొంతులూ దానితోపాటే దిగాయి. నేనేమో కీబోర్డులో పెట్టేటప్పుడు సరిచేద్దామని పైకి లాగాను."

"నన్నడక్కుండానా?"

"తప్పుగా ఉందనుకున్నా."

"తప్పా! ఆ తప్పు మీదేనే మీ అమ్మానాన్నల పెళ్లికి వాయించాను. రేపు నేను నిద్రపోతుంటే నా నడుం కూడా సాగదీసి నిలబెడతావా?"

కార్లిస్ నవ్వు ఆపుకుంటూ శ్రుతి దించింది. వర్లీన్‌కు నమ్మకం కుదరలేదు. పాడే గొంతు కావాలి. "నువ్వు పాడితే వీధికుక్కలొస్తాయి" అంటూ మదర్ జెనోబియాకు ఫోన్ చేసింది. చర్చి పెద్దమ్మలందరిలోకీ పెద్దది ఆవిడే.

"పెద్దమ్మా, ఒక పాట ఎత్తుకోండి."

"పళ్లసెట్టు గ్లాసులో ఉందే."

"పాటకు పళ్లెందుకూ?"

ఎందుకు పాడాలని జెనోబియా అడగలేదు. సన్నగా, వణుకుతూ గొంతు వచ్చింది. వర్లీన్ కళ్లు మూసుకుని, భయపడుతూనే, తనకు తెలిసిన నల్లమెట్ల మీద వేళ్లు ఆనించింది. గొంతు వచ్చి కీబోర్డు మీద కూర్చుంది, పాత కుర్చీలో కూర్చున్నట్టు. రెండో చరణానికి కుడిచేయి జవాబులు మొదలుపెట్టింది.

"పాస్టర్‌కు చెప్పనా?" గుసగుసగా అడిగింది కార్లిస్.

"చెప్పు. ఆ బర్మింగ్‌హామ్ అబ్బాయికి శ్రమ వద్దను. నీ ఫోన్లోంచి చెయ్యి, ఈ ఫోను ముట్టుకోకు. పెద్దమ్మ ఇంకా మూడో చరణంలోనే ఉంది."